దిగబడని మిషను

"వద్దు మాణిక్యం. ఈసారి ముఠాని తీసుకురావద్దు," అన్నాడు ప్రకాష్, ఆవిడ మొహంలోకి చూడకుండా.

మాణిక్యం పదకొండుమంది కోత ఆడవాళ్ళకి పెద్ద. అవనిగడ్డ దగ్గరి ఈ ఆరెకరాల వరి పద్నాలుగేళ్ళుగా కోస్తున్నది వాళ్ళే. పల్లపు చేను. కోతలనాటికి కూడా బురద ఆరదు. పెద్ద మిషన్లు దిగబడితే ట్రాక్టరు కట్టి లాగాల్సిందే. ఆ బురద పుణ్యమా అని ఈ పదకొండిళ్ళలో పొయ్యి వెలుగుతోంది.

ఇప్పుడు డ్రైవరు కూడా అక్కర్లేని రోబో మిషనొకటి అద్దెకొచ్చింది. తేలిక. దిగబడదు. దారి అదే చూసుకుంటుంది.

"మేమేం తప్పు చేశాం బాబూ?"

"తప్పని కాదు. మీకు ఎకరానికి తొమ్మిది వేలు. దానికి నాలుగు. బ్యాంకులో నాకు రూపాయి పుట్టదు. ఇచ్చేవాళ్ళకి ఇచ్చేశాక నాకు మిగిలేదేంటో నువ్వే చెప్పు?"

"పోనీ, ఏడుకి కోస్తాం."

కిందటేడు తుఫానుకి చేను పడిపోతే, మోకాళ్ళలోతు నీళ్ళలో కోసి పంట గట్టెక్కించింది ఈవిడే. ప్రకాష్‌కి సిగ్గేసింది. కానీ సిగ్గుపడితే ఎకరానికి మూడు వేలు మిగలవు కదా! తల అడ్డంగా ఊపాడు.

మర్నాడు మిషను దిగింది. ముఠా అంతా గట్టు మీద నిలబడి చూసింది. పొద్దుగూకేలోగా ఆరెకరాలూ అయిపోయాయి. మాణిక్యం కొడవలి చెంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది.

ప్రకాష్‌కి మనసు చివుక్కుమన్నా, లోపల సంబరంగానే ఉంది. మిషను కోస్తుండగా తీసిన వీడియో గుడివాడలో ఉంటున్న సత్యవతమ్మ గారికి పంపాడు. ఆవిడ రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్. కొత్త వింతలంటే ఇష్టం. నిమిషంలో ఫోను చేశారు.

"భలేగా కోసింది నాయనా! మరి నాట్ల సంగతో?"

"దానికీ మిషనుందటండీ. ఇంట్లో కూర్చుని ఫోనులో నొక్కడమే. ఇంక గట్టు మీద కూర్చోవడమే నా పని!" అన్నాడు నవ్వుతూ.

"అదే ఆలోచిస్తున్నా ప్రకాష్, గట్టు మీద కూర్చునే మనిషికి కౌలుకివ్వడం దేనికని. వచ్చే సార్వా పంట నుంచి మా ఆరెకరాలూ మేమే చేయించుకుంటాం."