లోపలి గాలి

...చంపేసినా పాపం లేదు. ఆడదాని చెయ్యి మెలితిప్పి విరగ్గొట్టినవాడు ఈ షెడ్డులోంచి దర్జాగా నడుచుకుంటూ బయటికి వెళ్ళకూడదు. అలా అనుకుంటూనే మెకానిక్ సుత్తి ఎత్తి మళ్ళీ కొట్టాడు.

కారు వెనక చక్రం డ్రమ్ము కదల్లేదు. తుప్పు పట్టి, లోపలి బ్రేకు షూలను కరుచుకుని కూర్చుంది.

"దానికీ నీకూ ఏం పగ బావా? మెల్లిగా కొట్టు," అన్నాడు బావ, స్టూలు మీద కూర్చుని టీ చప్పరిస్తూ. ఇద్దరిదీ ఒకటే పిలుపు.

ఇల్లు బావది. చిన్న కారూ ఆయనదే. వెనక చక్రాలకున్న డ్రమ్ములు పీకేసి డిస్కులు వేయాలని పట్టుబట్టాడు. ఇంత చిన్న బండికి అవసరం లేదన్నా వినలేదు. బడిలో సైన్సు చెప్పే మనిషి. డ్రమ్మంటే మూసిన డబ్బా, లోపల ఏం కాలుతోందో ఏం అరుగుతోందో బయటికి తెలియదు, డిస్కయితే అంతా కళ్ళెదురుగా ఉంటుంది అని మెకానిక్‌కే పాఠం చెప్పాడు. చేసేదిలేక అతను పాత బండ్ల బజారంతా తిరిగి, వేరే మోడల్ డిస్కులూ, వాటిని రెండువైపులా నొక్కిపట్టే కాలిపర్లూ ఏరుకొచ్చాడు.

మేడమీద గదిలో ఆమె ఉంది. ఎడమ చేతికి మోచేతిదాకా కట్టు. పొద్దున అతను వచ్చిన అలికిడికి కిటికీ దాకా వచ్చి, చూసి, లోపలికి తప్పుకుంది.

"జారిపడ్డానికి బాత్‌రూమే దొరికింది దానికి," అన్నాడు బావ, ఆ కిటికీ వైపు చూసి నవ్వుతూ. "కళ్ళు నెత్తిమీద పెట్టుకుని నడుస్తుంది."

మెకానిక్ సుత్తి పట్టు మార్చుకున్నాడు. జారిపడితే ఎముక అలా విరగదు. డాక్టరుకు ఆ అబద్ధం చెప్పింది ఆమే. పక్కింటివాళ్ళకూ అదే చెప్పింది. ఎవరి పరువు కాపాడాలని? పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమె నవ్వు ఎలా కుంచించుకుపోయిందో అతను చూస్తూనే ఉన్నాడు. మొదట చెంపదెబ్బ. తర్వాత జుట్టు పట్టుకుని గోడకేసి. వాడి గురించి ఎవరినడిగినా బంగారంలాంటి మనిషంటారు. బంగారం!

ఈసారి ఒళ్ళంతా ఊగిపోయేలా కొట్టాడు. కొడుతూనే ఉన్నాడు. డ్రమ్ము ఊడి, గింగిరాలు తిరుగుతూ గోడకు తగిలింది. నల్లటి దుమ్ము లేచింది. దాంతోపాటే లోపలి స్ప్రింగు ఎగిరొచ్చి అతని కనుబొమను చీల్చింది. కంట్లోకి రక్తం కారింది.

బావ టీ గ్లాసు వదిలేసి పరుగున వచ్చాడు. జేబురుమాలు మడిచి గాయం మీద అదిమాడు. ఆ చెయ్యి మొహానికి తగలగానే మెకానిక్ దాన్ని విసురుగా తోసేశాడు.

"అబ్బో, మొండిఘటం," అన్నాడు బావ, కోపం తెచ్చుకోకుండా.

డిస్కులు ఎక్కాయి. చేతిబ్రేకు తీగ కలపడానికి మెకానిక్ బండి కిందికి దూరాడు. అక్కణ్ణుంచి చూస్తే బావ కాలు జాకీకి ఆనుకునే ఉంది. ఒక్క తన్ను. కిందున్నవాడు నుజ్జు నుజ్జు. ఆ కాలు మాత్రం తీరిగ్గా ఏదో పాటకు తాళం వేస్తోంది.

తర్వాత బావ లోపల కూర్చుని బ్రేకు తొక్కుతుంటే, ఇతను చక్రం దగ్గర గాలి వదిలే చిన్న మరని, నిపుల్‌ని, వదులు చేస్తూ, బ్రేకు నూనె గొట్టాల్లో చేరిన గాలి తీయడం మొదలుపెట్టాడు. తొక్కు, పట్టు, వదులు. ఎంత తీసినా బురదలో కాలేసినట్టే ఉందన్నాడు బావ.

అప్పుడు కనిపించింది తప్పు. ఎడమ కాలిపర్ కుడికీ, కుడిది ఎడమకీ బిగించాడు. పైకి చూడాల్సిన నిపుళ్ళు నేలను చూస్తున్నాయి. గాలి పైకెక్కి కూర్చుంటుంది, ఎంత తొక్కినా బయటికి రాదు. పని నేర్చుకునే రోజుల్లో కూడా చేయని తప్పు.

ఇలాగే వదిలేస్తే? గేటు దాటితే అంతా దిగుడు. చివర రాతి గోడ. లోపలున్నవాడి పక్కటెముకల్లోకి స్టీరింగు దిగబడ్డం కళ్ళకు కట్టినట్టు కనిపించింది. చాలా రోజుల తర్వాత గుండెకు హాయిగా అనిపించింది.

"మొదటి చుట్టు నేనూ అదీ," అన్నాడు బావ లోపల్నుంచి. "చెయ్యి నయమయ్యాక బండి దానికే ఇచ్చేస్తా. నడపడం నేర్పిస్తా."

మెకానిక్ స్పానరు అందుకున్నాడు. రెండు కాలిపర్లూ విప్పి, అటుదిటు ఇటుదటు మార్చాడు. ఈసారి నిపుల్ వదులు చేయగానే బుడగలు బుసబుసమంటూ తన్నుకొచ్చాయి. పెడల్ రాయిలా బిగిసింది.

బావకు పట్టరాని సంబరం. కిందికి దిగి, తల లోపలికి దూర్చి, పెడల్ని చేత్తో నొక్కి నొక్కి చూస్తున్నాడు. మెడ వెనక భాగం అమాయకంగా బయటికి కనిపిస్తోంది. మెకానిక్ సుత్తి అందుకున్నాడు. చెమటకు పిడి జారుతోంది. పిడికిలి బిగించాడు.

"నువ్వుండగా దానికేం భయం బావా," అన్నాడు బావ, తలెత్తకుండానే.

పైన కిటికీ తలుపు కిర్రుమంది. ఊచల వెనక తెల్లటి కట్టు.

"ఇటు తిరుగు," అన్నాడు మెకానిక్.

బావ నడుం పట్టుకుంటూ లేచి నవ్వుమొహంతో ఇటు తిరిగేసరికి, మెకానిక్ సుత్తిని తిప్పి, పిడి అతని చేతిలో పెట్టి, తల వంచి, "నీ చెల్లెలు జారిపడలేదు బావా," అన్నాడు.