తీసేసిన జవాబు

మా మేధిని బీఏ సోషియాలజీ చివరి ఏడాది. ఎంఏ సీటు కావాలంటే మా అపార్ట్‌మెంట్లో నలభై మందిని ప్రశ్నలడగాలి. వాళ్ల జవాబులు, గోడపెట్టె ముందే వేసిన అంచనాలతో సరిపోవాలి. ఇంట్లోవాళ్లను గమనిస్తూ మాట్లాడే ఆ యంత్రం ఇప్పుడు ప్రతి ఇంటి గోడకూ ఉంది. బియ్యం కొలవడం, తలుపు తీయడం కూడా దాని పనే.

నలభయ్యో కాగితం నాది. "ఈ ఇంట్లో మీ మాట చెల్లుతుందా?" పెట్టె అవునంది. నేను కాదని రాశాను.

"అబ్బా, నీ ఒక్కదానివల్లే తేడా కొడుతోందమ్మా! మార్చవూ?"

"అడిగావు, చెప్పాను."

"నాన్న అవుననే రాశారు తెలుసా," అని నవ్వింది. తర్వాత క్లాసులో నేర్పినట్టే, మిగతావాటికి దూరంగా ఉన్న నా జవాబును పెట్టెలోని జాబితాలోంచి తీసేసింది. "ముప్పై తొమ్మిదైనా సరిపోతాయట."

మర్నాడు పొద్దున్నే సీటొచ్చిందని గంతులేసింది. పాయసం చేద్దామని వంటింట్లోకి వెళ్లాను. పెట్టె ముగ్గురికి బదులు ఇద్దరికే బియ్యం కొలిచి ఉంచింది. తర్వాత చూద్దాంలే అనుకుని పాలకు వెళ్లాను.

తిరిగొస్తే తలుపు తెరుచుకోలేదు. బెల్లు నొక్కాను.

లోపల్నుంచి మేధిని గొంతు వినిపించింది. "బెల్లు మోగింది నాన్నా. కానీ బయట ఎవరూ లేరంటోంది పెట్టె."