పేరుపేరునా

గంజి గిన్నె ఎగిరొచ్చి సారవ్వ భుజానికి తగిలింది. చీరంతా గంజి పాకింది.

"ఎవలే నువ్వు? నా ఇంట్ల నీకేం పని? బయటికి నడువ్" మంచం మీది నుంచి మొగిలి గద్దించాడు.

"అన్నం తినిపియ్యనీకి వచ్చిన కాక" అంది సారవ్వ, చెంగుతో తుడుచుకుంటూ.

ఏడాదిగా రోజూ వస్తూనే ఉంది, రోజూ అదే ప్రశ్న. ముసలాయనకు మతి తప్పింది గానీ నోరు మాత్రం పదునుగానే ఉంది. కొడుకు సంపత్ డ్యూటీకి పోయాక ఆ గడప తొక్కడానికి సొంత చుట్టాలే జంకుతారు.

అరుపులు విని పక్క క్వార్టర్‌లోని విద్య వచ్చింది. విజయవాడ వైపు నుంచి ఈ బొగ్గు గనికి కొత్తగా బదిలీ మీద వచ్చిన ఇంజనీరు భార్య.

"ఇన్ని తిట్లు తిని ఎందుకొస్తారండీ? మీకు బంధువా?"

"కాదమ్మా. మా ప్రభువు చెయ్యమన్నడు, చేస్తున్న."

"ఇష్టంగానేనా?"

"అబద్ధమెందుకు, ఇష్టం లేదు. తలుపు తీసేముందు రోజూ అడుగుత. ప్రభువా, ఈయన మీద నాకు ప్రేమ లేదు, నీ దగ్గరుంటె ఇంత ఇయ్యి అని. గాయన ఇచ్చిందాంతోటే ఆ పూట ఎల్లుతది."

మంచం మీద మొగిలి మళ్ళీ అందుకున్నాడు. "జైపాల్ పైకొచ్చిండా?"

"వచ్చిండు కాక. తానం చేస్తుండు. నువ్వు తిను."

"ఎవలొచ్చిండ్రు? పేరు చెప్పు. పేరు చెప్పకుంటె ముద్ద ముట్ట."

మొన్నటి దాకా 'వచ్చిండు' అంటే చాలు, తినేవాడు. ఆదివారం నుంచి ఈ పేరు పట్టుదల మొదలైంది. అప్పటి నుంచి మెతుకు లోపలికి పోలేదు. ఇట్లయితే మనిషి దక్కడని దవాఖానలో చెప్పేశారు.

"జైపాల్ ఎవరండీ?" విద్య మెల్లగా అడిగింది.

సారవ్వ గొంతు తగ్గించింది. "కాక గనిల సర్దార్, కూలీల మీద పెద్ద. బొగ్గుకు మందు పేల్చేముందు అందర్నీ పేరుపేరున పిలవాలె. ఒకనాడు షిఫ్టు దిగే తొందర్ల పిలవలే. ఒకాయన సద్ది గిన్నె కొక్కేనికి కనపడకపోతే పైకి పోయిండనుకున్నడు. ఎలుకలు కొరుకుతున్నయని తన ఇంటామె చెప్తే, ఆయన గిన్నె వెంటపెట్టుకొని లోపట్నే ఉన్నడు. మళ్ల పైకి రాలే."

విద్య మంచం వైపు చూసింది.

"అన్నీ మరిచిండమ్మా. అదొక్కటే మిగిలింది."

విద్యకు జాలేసింది. గుమ్మంలో నిలబడి, "జైపాల్ వచ్చాడు తాతగారూ" అంది.

"నిన్నడిగిన్నా? వచ్చిండన్నది ఆమె. ఆమెనే పేరు చెప్పాలె." సంపత్ చెప్పినా ఇదే జవాబు.

విద్య సారవ్వ వైపు తిరిగింది. "చెప్పేయండి. అబద్ధమని భయమా? ప్రాణం నిలిపే అబద్ధానికి మీ దేవుడేమీ అనడు."

సారవ్వ పెదవులు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు.

మొగిలి తిట్టడం మానేసి ఏడుపు మొదలుపెట్టాడు. బక్కచిక్కిన పక్కటెముకలు ఎగిరెగిరి పడుతున్నాయి. "నేను పిలవలే. పిలిస్తె పలికేటోడే గద. ఒక్కసారన్న పిలవకపోతి."

సారవ్వ ఇన్నాళ్ళూ తిట్టే నోటినే చూసింది, ఈ ఏడుపు చూడలేదు. మంచం పట్టె మీద కూర్చుని ఆయన చేతిని పట్టుకుంది. కళ్ళు మూసుకుని, తలుపు తీసేముందు అడిగేదే మళ్ళీ అడిగింది.

"జైపాల్" అంది. కూడదీసుకుని మళ్ళీ చెప్పింది. "జైపాల్ వచ్చిండు కాక. దెబ్బ గిట్ల ఏం తాకలే. ఆకలైతుందన్నడు. నువ్వు తింటెనే తింటడట."

మొగిలి ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత బుద్ధిగా నోరు తెరిచాడు. కుండలో మిగిలిన గంజి అంతా తాగి, అట్లాగే నిద్రలోకి జారుకున్నాడు.

సారవ్వ బయటికొచ్చి గడప మీద కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"ఏమైందండీ? తిన్నాడుగా" అంటూ విద్య కంగారుగా పక్కన కూర్చుంది.

సారవ్వ తన పెనిమిటి పేరు నోట పలకడం అదే మొదటిసారి.