పుణ్యాత్ముడి భుజం

సీతాకోకచిలుకల గాజుటింట్లో అతన్ని అందరూ పుణ్యాత్ముడనే పిలుస్తారు. అడవి నుంచి తెచ్చిన ఎండుటాకు సీతాకోకచిలుకలు అతని భుజాల మీద తప్ప ఇంకెవరి మీదా వాలవు మరి.

రెక్కలు మూస్తే అవి అచ్చం రాలిన ఆకులు. నడుమ ఈనె, అంచున బూజు మరకతో సహా. తెరిస్తే ముదురు నీలం, దాని మీద నారింజ పట్టీ. పూల మొహం చూడవు. చెట్ల మాను నుంచి కారే జిగురు, మాగి కుళ్ళిన పండ్ల రసం, అంతే వాటి తిండి. రోజూ పొద్దున్నే పనికోటు తొడుక్కుని ఆ పండ్లు పిసికి పళ్ళేల్లో పెట్టేది అతనే.

"మీ మీదే ఎందుకు వాలతాయండీ?" అని చూడవచ్చినవాళ్ళు అడుగుతారు.

"మనసు చూస్తాయి తల్లీ. కల్మషం ఉంటే దగ్గరికి రావు."

మొదట్లో సరదాకి అన్న మాట. అనగా అనగా అతనే నమ్మేశాడు.

ఇంట్లోనూ అదే పాట. నిన్న కూర మాడిందని భార్య మీద ఎగిరిపడ్డాడు. "నోరులేని పురుగులకు తెలిసింది నా విలువ. నీకే తెలియలేదు." ఆమె పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఇవాళ టీవీ వాళ్ళు వచ్చారు. సీతాకోకచిలుకలు అతని భుజం మీద వాలిన బొమ్మ టీవీలో పడితే ఉద్యోగం పర్మనెంటు చేస్తానని గాజుటింటి యజమాని మాటిచ్చాడు.

అతను చేతులు చాచి నిలబడ్డాడు. ఒక్కటీ రాలేదు. చేతులు పీకాయి. కెమెరా అతను ఆవలించాడు. టికెట్లమ్మే అమ్మాయి కిసుక్కుమంది.

"ఏమయ్యా, పుణ్యం ఖర్చయిపోయిందా?" అన్నాడు యజమాని. "రేపు మళ్ళీ వస్తారట. రేపూ ఇంతే అయితే నీ దారి నువ్వు చూసుకో."

ఇంటిదారి పొడవునా అతను తన పాపాలు వెతుక్కున్నాడు. ఎంత వెతికినా ఒక్కటే దొరికింది.

వస్తూనే భార్య ముందు కూలబడ్డాడు. "నిన్ను ఏడిపించాను. నీ ఉసురే తగిలింది. నువ్వు మనసారా క్షమిస్తే రేపు వాలతాయి."

పెళ్ళయ్యాక అతని నోట అలాంటి మాట రావడం అదే మొదలు. ఆమె కళ్ళు తుడుచుకుంది.

"ఊరుకోండి, నాకేం కోపం లేదు," అంది. "మీరు గమనించలేదు గానీ, టీవీలో శుభ్రంగా కనబడాలని నిన్న మీ పనికోటుని ఆ కుళ్ళుపండ్ల కంపు వదిలేదాకా ఉతికి ఆరేశాను, ఇక రోజూ అలాగే ఉతికిపెడతాను లెండి."