దొంగకు నచ్చిన రంగు

రమాకాంత్ మగ్గం ఆపి ఫోన్ ఎత్తి స్పీకర్‌లో పెట్టాడు. అవతల బ్యాంకులో కార్డు మోసాలు కనిపెట్టే అమ్మాయి.

"సార్, మీ క్రెడిట్ కార్డుతో ఎవరో ఆన్‌లైన్‌లో గొల్లభామ చీరలు కొంటున్నారు. అమ్మేవారి ఖాతా కూడా మీదే. మీ డబ్బు చుట్టూ తిరిగి మీ దగ్గరికే వస్తుంటే మా కంప్యూటర్‌కు అనుమానం వచ్చింది."

రమాకాంత్ మనసులోనే గిరాకీల లెక్క చూసుకున్నాడు. ఈ ఏడాది ఆన్‌లైన్‌లో అతని చీరలు కొన్నది ఒకే ఒక్క మనిషి. కొన్న ప్రతిసారీ ఐదు స్టార్లు ఇచ్చి, ఇంత చక్కని నేత సిద్దిపేటలో ఇంకెవరికీ రాదని రాసిన మనిషి. ఆ మాటలు చదివే కదా తను మరమగ్గాల కూలికి భివండి వలసపోవడం మానుకున్నది!

"కార్డు ఇప్పుడే ఆపేయమంటారా సార్?"

ఆన్‌లైన్ బేరాలు, పార్సిళ్లు చూసుకునే భార్య ప్రవీణ పక్కనే రాట్నం మీద నూలు కండెలు చుడుతోంది. గబుక్కున రాట్నం ఆపింది.

"ఆపితే మన చీరలెవరు కొంటరు? ఉన్నదే ఒక్క గిరాకి."

అదీ నిజమే అనిపించింది రమాకాంత్‌కు.

"మేడం, జర ఆగున్రి. మగ్గం మీద చీర సగమైంది. గిది గూడ కొన్నంక పట్టుకుందం దొంగను."

అవతలి అమ్మాయి ఫోన్ పెట్టేసింది.

"కొంగుకు ఏ రంగు పెట్టాలె?" రమాకాంత్ గొణుక్కున్నాడు. "గా దొంగకు ఏది ఇష్టమో ఏమో!"

"నీలం," అంది ప్రవీణ, మళ్లీ రాట్నం తిప్పుతూ.

రాట్నం ఆగిపోయింది.

రమాకాంత్ నీలం కండె అందుకున్నాడు. దొంగ మొహం చూస్తే ఎక్కడ నవ్వొస్తుందోనని తల వంచుకుని నేశాడు.