బొట్టున్న ఫోటో

“ఇంకా ఎంతసేపురా? తొమ్మిదికి రాహుకాలం వచ్చేస్తాది. లోపల ఆడోళ్లు కాసుకోనుండారు” అని మేనత్త ఆంజినమ్మ గడపలో నిలబడి అరిచింది.

“ఒక్క నిమిషం అత్తా” అన్నాడు తిప్పేష్. నిన్న సాయంత్రం అనంతపురంలో కొన్న డిజిటల్ కెమెరా మెడలో బరువుగా వేలాడుతోంది. ఏ బటన్ దేనికో తోచడం లేదు.

ఎదురుగా పంచలో అతని తల్లి తిరుపాలమ్మ పీట మీద కూర్చుని ఉంది. ముఖాన పసుపు, నుదుట రూపాయంత కుంకుమ బొట్టు, తలనిండా కనకాంబరాలు, రెండు చేతులకూ నిండుగా గాజులు. ఆమె భర్త ఈరప్ప పోయి ఈ రోజుకు పదో దినం. ఇంకాసేపట్లో ఇవన్నీ తీసేస్తారు. ఓటు కార్డు మీది మసక బొమ్మ తప్ప ఆమెకు ఇంతవరకు ఒక్క ఫోటో లేదు.

“పెండ్లికూతుర్ని చూసేదానికి కూడా ఇన్నాళ్లు పట్టదు” ఆంజినమ్మ ఊరుకోలేదు. “రెండేండ్లు ఎంచినావు కదరా ఒక్క కెమెరాను!”

తిప్పేష్ ఒక్కో బటనూ నొక్కి చూస్తున్నాడు. ఆ రెండేళ్లూ అతను పత్రికల్లోని కెమెరా బొమ్మలు కత్తిరించి నోటుబుక్కులో అంటించుకున్నాడు. ఒకదానికి లెన్సు మంచిదన్నారు. ఇంకోదానికి స్క్రీను పెద్దదన్నారు. ఆరు నెలలు ఆగితే ఇంతకంటే మేలైనది వస్తుందన్నారు. ఆగాడు.

“మీ నాయన ఎన్నితూర్లు అడిగినాడు, ‘మమ్మల్నిద్దర్నీ ఒక ఫోటో తీయప్పా’ అని! నువ్వేమంటివి?”

ఏమన్నాడో తిప్పేష్‌కు బాగా గుర్తుంది. ‘ఈ పాత డబ్బాతో వద్దు నాయనా. కొత్తది కొన్నాక దాంట్లో తీస్తా.’

“వాణ్ని ఏమీ అనొద్దు వదినా” అంది తిరుపాలమ్మ మెల్లగా.

“అననులే. రేయ్, కొత్తది చేతకాకపోతే ఆ పాతదాంతోనే ఒకటి తీయరా.”

“అది నిన్న షాపులో మార్పిడి కింద ఇచ్చేసినా అత్తా.”

“బాగుంది సంబడం!”

నిన్న షాపులోనూ రెండు కెమెరాల మధ్య తేల్చుకోలేక గంటసేపు కూర్చున్నాడు. చివరికి ఆఖరి బస్సుకు టైమైపోతోందని ఒకదాన్ని సంచిలో వేసుకుని పరుగెత్తాడు. వెనకనుంచి షాపాయన “సార్, సార్” అని పిలుస్తూనే ఉన్నాడు. వెనక్కి తిరిగి చూసే తీరిక ఎక్కడిది?

“నాయనా, ఒకటే తీయి” అంది తిరుపాలమ్మ. “దండిగా తీస్తే నాకు ఏడుపొస్తాది.”

తిప్పేష్ కెమెరాకు కన్ను ఆనించాడు. నవ్వమ్మా అని చెప్పడానికి నోరు రాలేదు. తిరుపాలమ్మే గాజులు ముందుకు తోసుకుని, కొంగు సర్దుకుని, పీట మీద పక్కన ఇంకొకరికి చోటు వదిలినట్టు కొంచెం జరిగి కూర్చుంది.

టక్కుమంది.

స్క్రీను మీద బొమ్మ వెలిగింది. తిప్పేష్ గబగబా వెళ్లి తల్లి ముందు పట్టాడు.

“ఇది నేనేనా?” తిరుపాలమ్మ కళ్లు చికిలించి చూసింది. “ముప్పై ఏండ్లు మీ నాయన చూసిన మొగం ఇదా!” అని నవ్వింది. ఈ పది దినాల్లో ఆమె నవ్వడం అదే మొదలు.

ఆంజినమ్మ కూడా వంగి చూసింది. ఇరవై ఏళ్లుగా ఆమె నుదురు బోసిదే. “బాగుండావే” అంది గొంతు తగ్గించి. “నాకు ఇట్లా తీసేవాళ్లు లేకపోయిరి.”

బొమ్మకు ఒక మూల ఏవో ఎర్ర అక్షరాలు మినుకుమినుకుమన్నాయి. కొత్త మిషను కదా అనుకున్నాడు తిప్పేష్. అంతలో బొమ్మ ఆరిపోయింది.

“అయ్యో, యాడికి పోయింది?”

“యాడికీ పోదమ్మా. లోపల భద్రంగా ఉంటాది. పెద్దది చేయించి పటం కట్టిస్తా.”

“నా మంచం ఎదురుగా గోడకు పెట్టు నాయనా. పొద్దున లేస్తూనే చూసుకుంటా” అంటూ తిరుపాలమ్మ లేచింది. ఆంజినమ్మ ఆమె చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. తలుపు పడింది.

కాసేపటికి లోపలినుంచి గాజులు చిట్లిన చప్పుడు వచ్చింది. తిప్పేష్ పంచలోనే, తల్లి లేచిపోయిన పీట పక్కన కూలబడ్డాడు. అమ్మ నవ్వును ఇంకోసారి చూసుకుందామని కెమెరా మీద బటన్లు తడుముతుంటే జేబులో కెమెరా లేని చిన్న సెల్లు మోగింది.

“సార్, అనంతపురం కెమెరా షాపు నుంచి మాట్లాడతాండా. నిన్న పిలుస్తాంటే వినకుండా పరిగెత్తిపోతిరి. ఇప్పుడే షాపు తెరిచి బిల్లు పుస్తకంలో మీ నంబరు చూసినా, మీ మెమరీ కార్డు ఈడనే బల్ల మీద ఉండిపోయింది. నేను పంపిచ్చేదాకా ఏమీ తీయొద్దు సార్, అది లేకుంటే బొమ్మ కనపడతాది గానీ నిలవదు.”