ఫ్లెక్సీ మీద నా కొడుకు

నా కొడుకు మిల్ట్రీ డాక్టర్. బయటి దవాఖానల పనిచేస్తే నౌకరి పోతదని వాడే చెప్పిండు. గందుకే కోరుట్లల, దేవేందర్ దవాఖాన ముంగట, మిల్ట్రీ వర్దీ ఏసుకున్న ఫొటోతోని వాని ఫ్లెక్సీ చూసి దేవేందర్‌ను నిలేసిన.

"తీసెయ్ దేవేందరూ, వాని నౌకరి ఊడుతది."

"ఫొటో పంపిందే నీ కొడుకు, పెద్దమ్మా. ఆయన రాడు, పేరు చాలు. లోపల రోగులను కంపౌండర్ చూస్తడు," అని నవ్విండు.



'నీ కొడుకు' అన్న మాటొక్కటే ఇని, పిల్లనెత్తుకున్న ఒకామె దగ్గరికచ్చింది. "మిల్ట్రీ సార్ తల్లివా అవ్వా? మల్లాపూర్ నుంచి ఆయన కోసమే అచ్చిన. నా బిడ్డను జర ముందుగాల చూడుమనవా?"

"నా కొడుకు గీడికి ఎన్నడూ రాలే. పిల్లను తీస్కొని జగిత్యాల సర్కారు దవాఖానకు పో," అన్న, అందరికీ ఇనవడేటట్టు.

దేవేందర్ నా చెయ్యి గుంజిండు. "ఇది బయటవడితే నీ కొడుకు నౌకరి పోతది పెద్దమ్మా."

పేరమ్ముకున్నోని నౌకరి పోకపోతే ఎట్లనని నాకు రంది వట్టింది.